పాటతో కలిసిన బంధువులు

అభిమానుల బృందాలు కాలక్షేపానికి తప్ప దేనికీ పనికిరావని ఒక వ్యాసంలో రాసిన వ్యాసకర్త మాటతో నేను ఏకీభవించలేకపోతున్నాను. 2020 సెప్టెంబరు 25న గాయకులు ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారు చెన్నైలో కన్నుమూసిన రోజు, కోవిడ్ భయంతో ఇల్లు కదలలేని, ఆయన అభిమానులమైన మా వాట్సాప్ బృందంలోని వారమంతా ఒకరి దుఃఖాన్ని ఒకరం పంచుకున్నాము. మరుసటి ఏడాది మావారు ఆసుపత్రిలో ఉన్నప్పుడు, నేను ఏనాడూ ముఖమైనా చూడని నెల్లూరు అక్కయ్య ఒకరు ప్రతి రాత్రీ ఫోన్ చేసి, "అన్నం తిన్నావా అమ్మా?" అని అడిగి, తిన్నానని చెప్పేదాకా ఫోన్ పెట్టేవారు కాదు. 1966లో బాలసుబ్రహ్మణ్యం గారు పాడిన తొలి పాట మొదలుకొని చివరి కచేరీల దాకా గంటల తరబడి వాదించుకునే మేమే, ఎవరైనా రెండు రోజులు పలకకపోతే కంగారుపడి ఆరా తీస్తాము. పిల్లలు విదేశాల్లో ఉండగా ఒంటరిగా బతుకుతున్న పెద్దలకు ఈ పలకరింపు ఇచ్చే ధైర్యాన్ని ఆ వ్యాసంలో ఒక్క వాక్యంలోనైనా ప్రస్తావించి ఉండవలసింది.