సవరణ: మినుములో ఆకుపచ్చ కంపు నల్లి ఫోటోల గురించి

మినుము కాయల మీద దొరికిందని మొన్న పెట్టిన రెండు ఫోటోలూ ఒకే జాతివి కావండి, కింద రెండిటికీ నెజారా విరిడులా (ఆకుపచ్చ కంపు నల్లి శాస్త్రీయ నామం) అనే పడింది. మొదటిది అదే, వీపు మధ్యలో ముక్కోణం పలక ఉంటుంది కదా, దాని పై అంచున వరసగా 3 తెల్ల చుక్కలు, అటూ ఇటూ మూలల్లో చిన్న నల్ల చుక్కలు, జూమ్ చేస్తే కనపడతాయి. రెండోది పీజోడోరస్ హిబ్నెరి అనే ఇంకో కంపు నల్లి, కాస్త చిన్నది, భుజాల మీదుగా అడ్డంగా లేత గులాబీ పట్టీ ఉంటుంది. గుడ్లు కూడా దొరికితే ఇంకా ఈజీ, నెజారావి ఒక గుంపుగా అతుక్కుని ఉంటాయి, పీజోడోరస్‌వి 2 వరసల్లో. రికార్డులో రెండోదాని పేరు మార్చేశా, పంట, తేదీ అవే. ఇకమీదట పైనుంచి ఒక క్లియర్ ఫోటో తియ్యండి ప్లీజ్, పక్క నుంచి తీస్తే అన్నీ ఆకుపచ్చే!