జనరేటర్ మెట్ల కింద పెట్టి, నన్ను పిరికిదంటారా?

వాయుగుండం అన్నారు కదా, రాత్రి నుంచి నెల్లూరులో ఒకటే వాన. కరెంటు పోయింది. కింది పోర్షన్ ఆయన అద్దె జనరేటర్ తెచ్చి మెట్ల కింద పెట్టాడు. జల్లు కొడుతోందని వీధి తలుపు కూడా మూసి మరీ ఆన్ చేశాడు. పొగంతా మెట్ల మీదుగా మా వాకిట్లోకే. 80 ఏళ్ల మా అత్తమ్మ చీరకొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. "బయట పెట్టన్నా" అంటే, "తడిస్తే షాక్ కొడుతుంది, నీకన్నీ భయాలే ఏందమ్మా" అంటాడు! అత్తమ్మను ఎదురింటికి తీసుకొచ్చి ఇది రాస్తున్నా.

అవును, భయమే. జనరేటర్ పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు రంగుండదు, వాసనుండదు. అది పీలిస్తే తల నొప్పి, కళ్లు తిరగడం, వికారం. నీరసమేమోలే అని పడుకున్నవాళ్లు మళ్లీ లేవకపోవచ్చు. కిటికీ తీసినంత మాత్రాన చాలదు. జనరేటర్ ఇంటి బయటే ఉండాలి, తలుపులకు కిటికీలకు కనీసం 20 అడుగుల దూరంలో, పైన తడవకుండా రేకు వేసి. బాలింత గదిలో నిప్పుల కుంపటి పెట్టి తలుపులేసే పెద్దవాళ్లున్నారు చూడండి, అక్కడా ఇదే ప్రమాదం. చెబితే మనకే చీవాట్లు.

అసలు మనకు చలికాలమంటే చలి కాదు, తుపాన్లు. 2021 నవంబరు అప్పుడే మర్చిపోయారా? పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు కట్టే కొట్టుకుపోయింది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది, మనల్ని మాత్రం వదిలిందా? అయినా ముందురోజే ట్యాంకు నింపి, ఫోన్లు చార్జింగ్ పెట్టి, వారానికి సరిపడా బీపీ మాత్రలు తెచ్చుకుంటే నవ్వుతారు. తుపాను దారి మళ్లిందంటే చాలు, "ఊరికే టెన్షన్ పెట్టావు" అని మా మరిది నెల రోజులు దెప్పుతాడు. రానందుకు సంతోషపడాలి కానీ దెప్పడమేంది?

ఇంకో మాట. ఈ వీధిలో మోకాటి లోతు నీళ్లు ఎందుకు నిలుస్తున్నాయి? బండి ఎక్కించుకోడానికి సైడు కాలువ మీద సిమెంటు ర్యాంపు కట్టింది ఈ జనరేటర్ ఆయనే. కింద పూడిక తీయడానికి పార కూడా దూరదు. ఆయన్ని చూసి ఇంకో నాలుగిళ్లవాళ్లు కట్టారు. ఆ నీళ్లలో కరెంటు తీగ తెగిపడితే ఎవరిది బాధ్యత? పిల్లలు స్కూలుకు పోయే దారి అది. ఎన్నిసార్లు చెప్పినా "అందరూ కట్టారుగా" అనే జవాబే.

సోమవారం కార్పొరేషన్‌లో అర్జీ ఇస్తున్నా. మన వీధివాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే వచ్చి సంతకం పెట్టండి.