నాలుగు ఇటు, నాలుగు అటు

పోలా అంటే ఎడ్ల పండుగ, శ్రావణ అమావాస్య రోజు. మర్నాడు మహారాష్ట్రలోని మా బల్లార్‌పూర్‌లో తాన్హా పోలా. అది పిల్లలది. ధోతీ కట్టి, తలపాగా చుట్టి, చక్రాల కర్ర ఎడ్లను లాక్కుంటూ బుల్లి రైతులు బయల్దేరతారు. మా మేనల్లుడికి ఎద్దుంది, ధోతీ ఉంది, చెర్నాకోల లేదు. బజార్లో దొరికే ప్లాస్టిక్‌ది మా బావకు నచ్చలేదు. "యూట్యూబ్‌లో ఏవేవో చూస్తావు కదా, ఒకటి అల్లరాదూ" అన్నాడు. ఆయన వంతు అనడం వరకే. పారాకార్డ్ తెప్పించింది నేను, డబ్బులు కట్టిందీ నేనే.

పారాకార్డ్ అంటే మొదట్లో పారాచూట్లకు వాడిన నైలాన్ తాడు. నాలుగు మిల్లీమీటర్ల లావు. పైన నేసిన తొడుగు, లోపల ఏడు పోగులు. 550 రకమైతే 550 పౌండ్లు, అంటే దాదాపు 250 కిలోల బరువు ఆపుతుంది. కర్ర ఎద్దుకు ఇంత దేనికని మా ఆవిడ అడిగింది. నేను వినిపించుకోలేదు, ఎందుకంటే అప్పటికే లెక్కల్లో పడ్డాను.

కొరడా అల్లడంలో సగం పని కాగితం మీదే. పిడి దగ్గర లావుగా ఉండాలి, కొసకు సన్నబడాలి. అది తనంతట తాను సన్నబడదు, తాళ్లు తగ్గించుకుంటూ పోవాలి. నాలుగు తాళ్లను మధ్యకు మడిచి పిడికి బిగిస్తే ఎనిమిది పాయలు వస్తాయి. కొంత దూరం ఎనిమిదితో, తర్వాత ఆరుతో, కొస దగ్గర నాలుగుతో అల్లాలి. తగ్గించేటప్పుడు ఎడమ నుంచి ఒకటి, కుడి నుంచి ఒకటి వదలాలి. వదిలినవాటిని అక్కడికక్కడే కోసేయకుండా లోపలికి తోసి, మిగతావాటిని వాటి మీదుగా అల్లాలి. లేకపోతే అక్కడ గడ్డ కట్టినట్టు కనిపిస్తుంది. పైగా అల్లుతుంటే తాడు కురచవుతుంది. ఐదడుగుల కొరడాకు, చివరిదాకా సాగే పాయ ఏడున్నర అడుగులైనా కావాలి. ఏ పాయ ఎక్కడ దిగిపోవాలో మేనల్లుడి డ్రాయింగ్ పుస్తకంలో, వాడి రంగు పెన్సిళ్లతోనే, పటం గీసుకున్నాను. వాడు ఏడ్చాడు. ఇంకోటి కొనిస్తానన్నాను.

మూడున్నర అడుగుల పిల్లాడికి ఐదడుగుల కొరడా ఎందుకని అదృష్టవశాత్తూ ఎవరూ అడగలేదు. కొరడా ఝళిపిస్తే వచ్చే ఆ ఠప్‌మనే చప్పుడు తోలుది కాదు, తాడుదీ కాదు. కొస గంటకు 1,200 కిలోమీటర్లు దాటి, ధ్వని వేగాన్ని మించిపోయినప్పుడు గాలిలో పుట్టే చప్పుడది. డాబా మీద నిలబడి నా చేత్తో ఒక్కసారి దాన్ని పుట్టించాలని నాకు ఉండదా?

పోలా రోజు పొద్దున పోలెలకు పప్పు పొయ్యి మీద ఉండగా గ్యాస్ అయిపోయింది. సిలిండర్ ఆ రోజే వస్తుందని ముందే మెసేజ్ ఉంది. "ఓటీపీ చెప్పి తీసుకోండి, అంతే పని" అని చెప్పి, మా ఆవిడ గుమ్మానికి కట్టే మోదుగ కొమ్మల కోసం బజారుకెళ్లింది.

నేను హాల్లో ఊయల కొక్కేనికి పిడి వేలాడదీసి అల్లుతున్నాను. ఎనిమిది పాయల అల్లికలో నాలుగు ఎడమ చేతిలో, నాలుగు కుడి చేతిలో. అన్నిటికన్నా పైనున్న పాయను వెనక నుంచి చుట్టి తెచ్చి, అవతలి నాలుగింటిలో రెండింటి కింద నుంచి, రెండింటి పైనుంచి పోనిచ్చి, మళ్లీ సొంత పక్షంలో చేర్చాలి. తర్వాత రెండో వైపు నుంచి అదే పని. మధ్యలో ఒక్కటి చెయ్యి జారిందా, ఏది ఎవరి పక్షమో తెలియదు. మహారాష్ట్ర రాజకీయాలే.

సరిగ్గా రెండు పాయలు వదలాల్సిన చోటికి వచ్చేసరికి తీసి ఉన్న తలుపులోంచి సిలిండర్ కుర్రాడు వచ్చాడు. "భావూ, ఓటీపీ సాంగా."

నేను లెక్క తప్పకూడదని పైకే గొణుగుతున్నాను. "నాలుగు ఇటు, నాలుగు అటు, రెండు కింద, రెండు పైన."

ఈ ఊళ్లో పుట్టినవాడికి ఆ మాత్రం తెలుగు వస్తుంది. "చార్, చార్, దోన్, దోన్" అంటూ తన ఫోన్‌లో కొట్టేశాడు. "తప్పంటోంది భావూ."

"అది ఓటీపీ కాదు బాబూ, అల్లిక!"

"మరి ఓటీపీ?"

ఫోన్ నా వెనక జేబులో ఉంది. కస్టమర్ జేబులో చెయ్యి పెట్టనన్నాడు. మర్యాదస్తుడు. మేనల్లుడు లాగి తీశాడు. ఫోన్ వేలిముద్ర అడిగింది. నా బొటనవేళ్లు రెండూ పాయల మధ్య ఇరుక్కుని ఉన్నాయి. ముఖం చూపిస్తే తెరుచుకుంటుందని మేనల్లుడే గుర్తు చేశాడు. వాడికి ఐదేళ్లు. చెయ్యి ఖాళీ చేసుకుందామని కుడి పక్షం నాలుగు పాయలూ పళ్ల మధ్య పెట్టి, ఫోన్ వైపు తిరిగాను. రెండు ఎర్రవి, రెండు పచ్చవి, నోట్లోంచి గడ్డం కిందికి వేలాడుతున్నాయి. నేనెవరో ఫోన్‌కు తెలియలేదు. నవ్వితే గుర్తుపడుతుందేమోనని నవ్వాను. సిలిండర్ కుర్రాడు ఒక అడుగు వెనక్కి వేశాడు.

దొంగ డెలివరీలు జరగకుండా ఈ ఓటీపీ పెట్టారట, బాగుంది. కానీ బుకింగ్ నాది, డబ్బు ముందే కట్టేశాను. ఖాళీ సిలిండర్ వాడి కాళ్ల దగ్గర, నిండు సిలిండర్ వాడి భుజం మీద. నేను అక్కడే, తాడుతో సహా, నిలబడి ఉన్నాను. ఇంతకంటే నేను నేనేనని ఎలా రుజువు చేసుకోవాలి?

"ఇంకా పాతిక ఇళ్లు తిరగాలి భావూ" అని వెళ్లిపోయాడు. అన్నీ వదిలేసి మెట్ల మీద పరుగెత్తాను. బండి మలుపు తిరిగేసింది. వెనక్కి వచ్చి చూస్తే, నేను వదిలేసినవాటిని మేనల్లుడు తన పద్ధతిలో అల్లి పెట్టాడు. అవి ఇప్పటికీ విడలేదు. ఫోన్‌లో మెసేజ్: డెలివరీకి వచ్చాము, కస్టమర్ ఇంట్లో లేరు.

ఇండక్షన్ పొయ్యి పెడదామంటే కరెంటు పోయింది. పక్కనే చంద్రపూర్‌లో 2,920 మెగావాట్ల థర్మల్ స్టేషన్, మాకేమో పండుగ పూట చీకటి వంటిల్లు. పోలెలు పక్కింటి కాకూ పొయ్యి మీద అయ్యాయి. బావ అరడజను తిన్నాడు. చెర్నాకోల ఏదని అడగనైనా అడగలేదు.

సాయంత్రం కస్టమర్ కేర్‌కు ఫోన్ చేశాను. హిందీకి ఒకటి, మరాఠీకి రెండు నొక్కమంది. ఏదో ఒకటి నొక్కి జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పాను, పాయలతో సహా. ఆ అమ్మాయి ఓపిగ్గా విని, పండుగ సెలవు తర్వాత మళ్లీ పంపిస్తామంది.

"ఈసారి మాత్రం దయచేసి ఇంట్లో ఉండండి సర్" అంది.