నెల్లూరులో పచ్చి దీక్ష

పొయ్యి వెలిగించకుండా బతకొచ్చని, అలా బతికితేనే బతుకని ఈమధ్య మన జిల్లాలో చదువుకున్నవాళ్లు కొందరు గట్టిగా నమ్ముతున్నారు. పచ్చి కూరగాయలు, పళ్లు, నానబెట్టిన గింజలు, మొలకలు. అంతే. పాలు, పెరుగు, నెయ్యి, గుడ్డు, చివరికి తేనె కూడా ముట్టరాదు. తినేదాంట్లో ముప్పాతిక వంతు ఇలా ఉంటే చాలట, మిగతా పావు వంతు మన బలహీనతకు వదిలేశారు. అదీ జన్మంతా కాదు, కొద్దిరోజులే. రా వీగన్ అంటారు దీన్ని. చేపల పులుసుతో పేరు తెచ్చుకున్న ఊళ్లో ఇలాంటి ఉద్యమం రావడం చారిత్రక అవసరమని నా అభిప్రాయం. ఇన్నేళ్ల పులుసుకు ఎవరో ఒకరు ప్రాయశ్చిత్తం చేసుకోవాలి కదా. మా కుటుంబం తరఫున మా బావ ముందుకొచ్చాడు.

ఈ దీక్షకు మూలం ఒక అంకె. తిండి 48 డిగ్రీల సెల్సియస్ దాటి వేడెక్కకూడదు. దాటితే అందులోని ఎంజైములు చచ్చిపోతాయని వీళ్ల సిద్ధాంతం. కడుపులో ఊరే ఆమ్లం ఆ ఎంజైముల్లో చాలావాటిని ఎటూ చంపేస్తుంది గాని, సిద్ధాంతాల మధ్యలోకి కడుపును తీసుకురావడం మర్యాద కాదు. మరీ నిష్ఠాపరులైతే 40 దగ్గరే గీత గీస్తారు. ఆ గీత గీసినవాడెవడో గాని మే నెలలో నెల్లూరు వచ్చినవాడు మాత్రం కాదు. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో ఇక్కడ నీడలోనే 43, 44 చూస్తాం. మరి ట్రంకురోడ్డు పక్కన తోపుడుబండి మీద పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా ఎండలో ఉన్న టమాటా సంగతేమిటి? శాస్త్రప్రకారం అది కూర. మిద్దె మీద ట్యాంకు నుంచి వచ్చే నీళ్లకు చెయ్యి చుర్రుమంటుంది, ఆ నీళ్లతో కడిగిన కీరా మడి ఏం కావాలి? వాతావరణ శాఖవారు వడగాడ్పుల హెచ్చరికతో పాటు ‘ఈరోజు ఫలానా మండలాల్లో కూరగాయలు వాటంతటవే ఉడుకును’ అని ఒక ముక్క చేరిస్తే దీక్షాపరులకు ఎంతో మేలు చేసినవారవుతారు.

అంతవరకూ ఎవరి జాగ్రత్త వారిది. కరోనా రోజుల్లో కొన్న తుపాకీ థర్మామీటరును బావ అటక మీద నుంచి దించాడు. బజారు నుంచి సంచి రాగానే సోఫాలో కూర్చుని ఒక్కొక్క దొండకాయకూ గురిపెట్టి మీట నొక్కేవాడు. జ్వరం తగిలినవాటిని పక్కన పెడితే, మా అక్క వాటిని పిల్లల వేపుడులో కలిపేసేది.

పాలూ పెరుగూ మానడం మీద మాత్రం వెటకారం చేయలేను, అది అంతర్జాతీయ విషయం. మన ఒంగోలు జాతి పశువులు పంతొమ్మిదో శతాబ్దంలోనే ఓడలెక్కి బ్రెజిల్ చేరాయి. అప్పట్లో ఒంగోలు నెల్లూరు జిల్లాలోదే కాబట్టి అక్కడివాళ్లు ఆ జాతికి ‘నెలోర్’ అని పేరు పెట్టుకున్నారు. ఇవాళ ఆ దేశంలో మాంసం కోసం పెంచే మందల్లో సింహభాగం అదే. అంటే మన ఊరి పేరెత్తితే అక్కడివాడికి పెన్న గుర్తు రాదు, రంగనాథస్వామి గుర్తు రాడు, కాల్చిన మాంసం గుర్తొస్తుంది. ఈ అపకీర్తిని తుడిచే బాధ్యత నెత్తినేసుకుని బావ ఇక్కడ మజ్జిగ మానేశాడు. బ్రెజిల్‌కు ఈ సంగతి ఇంకా తెలిసినట్టు లేదు.

నిషేధం ఉన్నచోట లొసుగు ఉంటుంది. నిషేధాలు తట్టుకోవడంలో మనవాళ్లకు మంచి అనుభవం ఉంది కూడా. కొత్తావకాయ సంగతి చూడండి. పచ్చి మామిడి, కారం, ఆవపిండి, ఉప్పు, గానుగ నూనె. పొయ్యి ఊసే లేదు! కాబట్టి ఆవకాయ ధర్మబద్ధం. కలుపుకోవడానికి అన్నమే అధర్మం. బియ్యం పచ్చిగా నమిలితే పెళ్లిలో వాన పడుతుందంటారు గాని, బావ పెళ్లి ఎప్పుడో అయిపోయింది, ఆ భయమూ లేదు. అయినా నాలుగు గింజలు నమిలి ఊరుకుని ఆవకాయను కీరా ముక్కలతో తిన్నాడు. వడపప్పు సరే, తాటిముంజలు సరే. పక్కింటాయన గేటు దగ్గర నిలబడి, ‘అట్టయితే కల్లు గూడా పచ్చిదే గదన్నా, దాన్నెవరు కాస్తారు?’ అని అడిగాడు. తర్కంలో దోషం నాకైతే కనబడలేదు. చెడిందల్లా జీడిపప్పు దగ్గర. అంగట్లో పచ్చి జీడిపప్పని అమ్మేది నిజానికి పచ్చిది కాదు, గింజను ఆవిరికో మంటకో చూపించకుండా ఆ జీడి పెంకు ఊడిరాదు. వేటపాలెం వెళ్లి ఎవరినడిగినా చెబుతారు. ఇక బి12 విటమిన్ మొక్కల్లో దొరకదు గనక మాత్ర మింగాలి. ఆ మాత్రను ఎన్ని డిగ్రీల దగ్గర తయారు చేశారో డబ్బా మీద రాయరు.

ఇంతకీ పొయ్యి ఆరింది, వంటింట్లో పని మాత్రం ఆరలేదు. రాత్రి పెసలు, అలసందలు, వేరుశనగలు విడివిడిగా నానెయ్యాలి. పొద్దున్నే వార్చి గుడ్డలో కట్టాలి. ఈ ఎండలకు పూట తిరిగేసరికి మొలకలు జిగటపడి వాసనొస్తాయి గనక మధ్యలో లేచి మళ్లీ కడగాలి. రాజ్మా గింజలు పచ్చిగా తింటే వాంతులవుతాయి, బాగా ఉడికితే గాని వాటి విషం విరగదు. కాబట్టి బావ ఉత్సాహంగా తెచ్చిన ఆ పొట్లాన్ని ఆయన కంటపడకుండా దాచాలి. కొబ్బరి కోరి పాలు తీయాలి, బీట్‌రూట్ తురమాలి, సొరకాయ చెక్కు తీసి సన్నటి దారాల్లా కోయాలి, దాన్ని నూడుల్స్ అనాలి. ఇదంతా ఒక మనిషికి. మిగతా ఇంటికి అన్నం, పప్పు, రసం మామూలే. కూరగాయల ఖర్చు రెండింతలైంది. గ్యాసు మిగిలిందని బావ లెక్క చెప్పాడు, ఎవరూ ఎదురు లెక్క చెప్పలేదు.

మా అక్కకు ఇది కొత్త కాదు. మంతెన సత్యనారాయణరాజు గారు టీవీలో ఉప్పూ నూనే లేని వంటలు చెప్పిన రోజుల్లో ఒక దఫా అయింది. తర్వాత కొర్రలు, అండుకొర్రలు వచ్చాయి. ఆ తర్వాత గ్లాసుల కొద్దీ కొబ్బరినూనె. ప్రతి ఉద్యమానికీ నాయకుడు బావ, కార్యకర్త అక్క. అయ్యప్ప మాల వేసుకున్న ఏడాది కూడా తెల్లవారుజామున చన్నీళ్లు పోసుకున్న పుణ్యం ఆయనది, అంతకన్నా ముందు లేచి మడి వంట మొదలుపెట్టిన పుణ్యం ఎవరి ఖాతాలో పడిందో ఇంతవరకు ఎవరూ విచారించలేదు.

ఆదివారం నేను వెళ్లేసరికి బొమ్మిడాయిల పులుసు పెట్టారు. దించి చాలాసేపైనా మట్టిదాక అంచున నూనె ఇంకా కుతకుతమంటోంది. బావ దూరంగా కూర్చుని, పులుసులో తేలుతున్న మామిడికాయ ముక్కల వైపు చూస్తూ, ‘ఏరా, కాయ పచ్చిదే కదా వేసింది?’ అన్నాడు. వేసినప్పుడు పచ్చిదే అన్నాను. ఆ సమాధానాన్ని ఆయన అనుమతిగా తీసుకున్నాడు. రెండో ముక్కకు కాస్త చేప అంటుకుని వచ్చింది. పావు వంతు బలహీనత అనేది పెద్దలు ముందుచూపుతో పెట్టిన నిబంధన.

దీక్ష ముగిసింది మాత్రం పులుసు వల్ల కాదు. ఆ సాయంత్రం అక్క కత్తిపీట కడిగి గోడకానించి, చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, ‘ఏమండీ, రేపట్నించి నేను గూడా ఇదే తింటా. పొద్దుగూకులూ కోసి పెట్టేదానికే సరిపోతా ఉండాది, తిని చూసిందే లేదు. నాకు గూడా మీ చేత్తోనే నానేసి, తురిమి పెట్టండి’ అంది. గొంతులో కోపం లేదు. పైగా తురుముపీట ఎక్కడుంటుందో చూపించింది. బావ దాన్ని రెండువైపులా తిప్పి చూశాడు. కాసేపు ఆలోచించి, శరీరశుద్ధి అనుకున్నదానికంటే ముందుగానే పూర్తయిందని, రాత్రికి దోసెలు చాలని ప్రకటించాడు.