సవరణ: ఎస్టోనియాలో డేటా అంతా ఒకే చోట ఉండదు

యూరప్‌లోని ఎస్టోనియా దేశం ప్రభుత్వ పనులను ఆన్‌లైన్‌లో ఎలా నడుపుతుందో చెబుతూ మొన్న పెట్టిన పోస్టులో "ప్రజల వివరాలన్నీ ప్రభుత్వం ఒకే పెద్ద కంప్యూటర్‌లో పెట్టింది" అన్న వాక్యం ఉండేది. దాన్ని తీసేశాను. అక్కడి పద్ధతి పూర్తిగా వేరు.

ఏ శాఖ డేటా ఆ శాఖ దగ్గరే ఉంటుంది. 2001లో మొదలైన ఎక్స్-రోడ్ అనే వ్యవస్థ ఆ శాఖల మధ్య సమాచారాన్ని భద్రంగా అటూఇటూ చేరవేస్తుంది, అంతే. పోలీసు ఒక కారు ఆపి నంబరు కొట్టాడనుకోండి. బండి వివరాలు రవాణా శాఖ నుంచి, మనిషి వివరాలు జనాభా రిజిస్టర్ నుంచి అప్పటికప్పుడు వస్తాయి. తన వివరాలు ఏ శాఖ ఎప్పుడు చూసిందో పౌరుడు ప్రభుత్వ పోర్టల్‌లో లాగిన్ అయి చూసుకోవచ్చు, అనుమానం వస్తే ఎందుకు చూశారని నిలదీయవచ్చు. ఆ దేశం చేసిన వాటిలో నాకు అన్నిటికంటే గొప్పగా అనిపించేది ఇదే. సుమారు 13 లక్షల జనాభా ఉన్న దేశం, పౌరుడి చేతిలో ఇంత హక్కు పెట్టింది!

1996లో అక్కడ ప్రకటించిన టైగర్ లీప్ అనే పథకం కూడా బడులకు కంప్యూటర్లు, ఇంటర్నెట్ ఇచ్చి ఊరుకోలేదు, టీచర్లకు శిక్షణ కూడా ఇచ్చింది. పోస్టులో ఆ సంగతి చేర్చాను.

ఆన్‌లైన్ ఓటు 2005లో వచ్చింది కానీ పేపర్ ఓటును ఎత్తేయలేదు. ఆన్‌లైన్‌లో వేశాక మనసు మారితే గడువులోగా మళ్లీ వేయవచ్చు, చివరిదే లెక్క.

చాలామంది అడిగిన ఈ-రెసిడెన్సీ 2014లో మొదలైంది. విదేశీయులు అక్కడ కంపెనీ పెట్టి ఆన్‌లైన్‌లో నడుపుకోవడానికి పనికొచ్చే డిజిటల్ గుర్తింపు అది. వీసా కాదు, పౌరసత్వం అసలే కాదు.