దీర్ఘం తప్పిన విషాదం

గత ఆదివారం సాయంత్రం బరంపురంలో నేను రాసిన ఏకాంకికను ప్రదర్శించారు. అది విషాద నాటకం. ఈ సంగతిని ఇంత విడమరచి చెప్పవలసి రావడానికి కారణం, ఆ సాయంత్రం కల్యాణ మండపంలో ఉన్న సుమారు 150 మందిలో అది తెలిసినదాన్ని నేను ఒక్కదాన్నే కావడం.

రంగస్థల కళల్లో ఎం.ఏ. రెండో సంవత్సరం చదువుతున్నాను. నాటక రచన నా ప్రత్యేకాంశం. చివరి సెమిస్టరులో విద్యార్థి తాను రాసిన ఏకాంకికను సొంత ఊళ్ళో, స్థానిక నటులతో, బయటి పరీక్షకుల సమక్షంలో ప్రదర్శించి తీరాలని మా విభాగం నియమం. గురజాడ అప్పారావు గారు 1897లో అచ్చయిన కన్యాశుల్కాన్ని తిరగరాసి 1909లో మళ్ళీ ప్రచురించారని, నాటక రచయితకు అంతటి ఓపిక ఉండాలని మొదటి సెమిస్టరులో పాఠం చెప్పిన విభాగమే, రచనకూ రిహార్సళ్ళకూ ప్రదర్శనకూ కలిపి నాకు 20 రోజుల గడువు ఇచ్చింది. అందులో మూడు రోజులు స్పైరల్ బైండింగు రంగు నియమానుసారం లేదన్న ఉత్తరప్రత్యుత్తరాలకే చెల్లిపోయాయి.

కథ చిన్నది. పట్టుచీరల మగ్గాలు ఇంటింటా ఆడిన రోజుల్లో ఒక నేతగాడు తండ్రి కట్టిన ఇంటిపై అంతస్తు లేపి మేడ చేస్తాడు. ఇద్దరు కొడుకులు ఆ మేడను అమ్మి వాటాలు పంచుకుందామంటారు. ముసలాయన ససేమిరా అంటాడు. మేడ అనే మాట రాతప్రతిలో 41 సార్లు వస్తుంది. ఈ లెక్క నేను ప్రదర్శన తరువాత తీసినది. ముందే తీసి ఉంటే ఆ ముసలాయన చేత పొలమే అమ్మించేదాన్ని.

మా బరంపురం తెలుగిళ్ళలో పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో ఒడియా చదువుతారు. 1936లో ఒడిషా ఏర్పడి గంజాం జిల్లా అందులో చేరిన నాటి నుంచీ తరం తరువాత తరానికి తెలుగు చెవికి మిగిలి, కంటికి దూరమవుతూ వచ్చింది. కనుక సంభాషణలను నటులకు ఒడియా లిపిలో ఇవ్వక తప్పలేదు. ఈ ఇబ్బందిని ఫోనులో మా మార్గదర్శకులకు విన్నవించుకోగా, "దానికంత ఆలోచన ఎందుకమ్మా, కంప్యూటర్లో ఒక్క నొక్కు నొక్కితే లిపి మారిపోతుంది" అని సెలవిచ్చారు. పక్కనున్న పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి గారు లిపి లేని సవర భాషను కాగితం మీదికి తేవడానికి దశాబ్దాలు శ్రమించిన సంగతి మాకు పాఠంగా చెప్పినవారు కూడా వారే. నేను నొక్కాను. లిపి మారిపోయింది.

మారిపోతూ అది చేసిన పని ఏమిటంటే, ఒడియా అక్షరమాలలో ఎ, ఏ లకు వేర్వేరు అక్షరాలు లేవు. ఆ భాషకు ఆ తేడాతో పని లేదు గనుక ఇందులో ఒడియా తప్పు ఏమీ లేదు. నా మేడ మాత్రం నిశ్శబ్దంగా మెడ అయి కూర్చుంది.

ఇంట్లో తెలుగు వినిపించే నటుడైతే దీర్ఘాన్ని తానే సర్దుకునేవాడు. కొడుకుల వేషం వేసిన కుర్రవాళ్ళు అలాగే సర్దుకున్నారు. కానీ ముసలాయన పాత్రధారి ప్రదర్శనకు రెండు రోజుల ముందు, సూరత్ మిల్లులో సెలవు ముగిసిందని రైలెక్కి వెళ్ళిపోయారు. ఆయన స్థానంలో మా వీధి చివర ఉండే రాజుగారిని బతిమాలి తెచ్చుకున్నాను. ఆయన రాజు కారు. గంజాం ప్రాంతపు ప్రహ్లాద నాటకంలో ఇరవై ఏళ్ళుగా హిరణ్యకశిపుడి వేషం కట్టి, మెట్ల వేదిక మీద రాత్రంతా గర్జించిన మనిషి. ఒడియా ఆయన ఇంటి భాష, తెలుగు బజారు భాష. ఒక్క రాత్రిలో వేషమంతా కంఠస్థం చేసి, "నిశ్చింతగా ఉండమ్మా" అన్నారు. రిహార్సలుకు వ్యవధి లేదు.

తెర లేచింది. పెద్దకొడుకు ఇల్లు అమ్మకం ప్రస్తావన తెచ్చాడు. రాజుగారు కుర్చీలోంచి లేచి, హిరణ్యకశిపుడు స్తంభం వైపు నడిచినట్టు మూడు అడుగులు ముందుకు వేసి, సభ వైపు తిరిగి, "ఈ మెడ మీ తాతగారిది! నేను అమ్మను!" అని గర్జించారు.

అక్కడితో ఆగినా కొంత పరువు దక్కేది. కానీ ప్రతి మాటకూ ఒంటితో అర్థం చెప్పడం ఆయనకు ఇరవై ఏళ్ళ అలవాటు. కనుక కుడిచేతిని విశాలంగా చాచి, వెనక్కు తెచ్చి, తన మెడ మీద భక్తితో ఆనించుకున్నారు. తాతగారి నుంచి సంక్రమించిన మెడను ఎంత గౌరవంగా తాకాలో అంత గౌరవంగా తాకారు. వాక్కు విషయంలో జాగ్రత్త వహించాలి, అది నాట్యానికి శరీరం వంటిది అన్నాడు భరతముని. శరీరంలో ఏ భాగమో ఆయన చెప్పలేదు.

మొదట సభలో ఎవరూ నవ్వలేదు. ముందు వరుసలో కూర్చున్న ఒక మామ్మగారు, "పాపం, మెడ పట్టేసినట్టుంది, ఎవరైనా కాస్త అమృతాంజనం రాయండర్రా" అన్నారు. అప్పుడు నవ్వారు. ఆ నవ్వును రాజుగారు మెచ్చుకోలుగా స్వీకరించి తరువాతి సంభాషణ అందుకున్నారు. "ఈ మెడ పైభాగం అద్దెకిచ్చి మిమ్మల్ని చదివించానురా!" ఆ మాటతో పాటు ఆయన చెయ్యి మెడ దాటి పైకి వెళ్ళి తలను చూపించింది. తలకాయ అద్దెకిచ్చి పిల్లలను చదివించిన తండ్రిని మా వీధి జనం అంతకు ముందెన్నడూ చూసి ఉండరు.

నేను పక్కతెర చాటు నుంచి "మేడ! మేడ! దీర్ఘం!" అని గుసగుసలాడాను. వినిపించలేదు. రెండు చేతులూ దగ్గర పెట్టి, మెల్లగా ఎడంగా జరుపుతూ, సాగదీయమని సైగ చేశాను. ఆయన చూశారు; అర్థమైందన్నట్టు కళ్ళతో చెప్పారు; ఆపై భుజాలు దించి, గడ్డం ఎత్తి, నీటికొంగ చేపను చూసినట్టు మెడను సాగదీసి, ఆ భంగిమలోనే "ఈ మెడకు నేను సున్నం వేయించి ఎన్నాళ్ళయిందిరా!" అని అడిగారు. నిజానికి ఆ సంభాషణ దగ్గర చిన్నకొడుకు కన్నీరు పెట్టుకోవాలి. పెట్టుకున్నాడు, కానీ నవ్వు ఆపుకోలేక. ఆ తడబాటులో అంతవరకూ సరిగ్గానే చెబుతున్న ఆ కుర్రవాడికి కూడా తెగులు అంటుకుని, "నాన్నా, ఆ మెడ ఇవాళో రేపో కూలేలా ఉంది, వచ్చిన ధరకు ఇచ్చేద్దాం" అన్నాడు. బయటి పరీక్షకులు కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నారు. కరుణ రసం పండిందేమోనని ఒక్క క్షణం, సిగ్గు లేకుండా, ఆశపడ్డాను.

మిగిలిన ఇరవై నిమిషాల గురించి నేను రాయను. "ప్రాణం పోయినా ఈ మెడ దిగను" అన్న చివరి మాటకు జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

మర్నాడు మౌఖిక పరీక్ష జరిగింది. నా సిద్ధాంత భాగంలో ఈ రచనను దశరూపకాల్లో, అంటే సంస్కృత శాస్త్రం చెప్పిన పది నాటక రకాల్లో, కరుణ ప్రధానమైన 'అంకం' అనే రకంగా నిరూపిస్తూ 18 పేజీలు రాశాను. పరీక్షకులు వాటిని తిప్పకుండానే, "ఇది ప్రహసనం కదమ్మా, శుద్ధమా, సంకీర్ణమా అన్నదే ప్రశ్న" అన్నారు. రెండు భాషల సరిహద్దులో ఒక్క దీర్ఘం మీద నాటకమంతా నిలబెట్టడం అసాధారణమైన ఊహ అని కూడా మెచ్చుకున్నారు. నేను నోరు తెరిచేలోగా మా మార్గదర్శకులు కుర్చీలో ముందుకు జరిగి, "లిపి మార్పు సలహా నాదేనండి" అని వినయంగా మనవి చేసుకున్నారు. 20 రోజుల్లో ఒక్కసారి కూడా మా ఊరి ముఖం చూడని మనిషికి ఆ వినయం ఎక్కడిదో నాకు తెలియదు.

రాజుగారు రోజూ సాయంత్రం మా గుమ్మం ముందు ఆగి, తరువాతి ప్రదర్శన ఎప్పుడని అడుగుతున్నారు. మా ఊరి అమ్మవారి ఉత్సవమైన ఠాకురాణి యాత్ర రోజుల్లో వేయిద్దామని ఆయన ఉద్దేశం. మెడకు సంబంధించిన సంభాషణలు ఇంకొన్ని చేర్చమన్నారు.

ఈలోగా విభాగం నుంచి ఒక పత్రం వచ్చింది. రూపక భేదాన్ని అంకం నుంచి ప్రహసనానికి మార్చుకోవడానికి మూడు ప్రతులు, వాటికి 500 రూపాయల రుసుము, శుక్రవారం గడువు. ఏడో గడిలో "మార్పునకు కారణం (ఒక్క మాటలో)" అని ఉంది. తెలుగులోనే రాయాలట.