తీరని అప్పుకు వాయిదాల కన్నా ఐపీయే మేలు

అప్పుల భారం మోయలేని స్థితికి చేరిన కుటుంబం ముందు రెండు దారులుంటాయి. బ్యాంకులతో, ఫైనాన్స్ కంపెనీలతో, ప్రోనోటు మీద డబ్బిచ్చిన వారితో మాట్లాడుకుని నెలకింత చొప్పున కట్టుకుంటూ పోవడం ఒకటి. సీనియర్ సివిల్ జడ్జి కోర్టులో దివాలా పిటిషన్, అంటే ఐపీ, దాఖలు చేయడం రెండోది. మొదటిది పరువు నిలిపే దారి అనీ, రెండోది మోసగాళ్ల దారి అనీ మన సమాజం ఎప్పుడో తీర్పు చెప్పేసింది. ఆ తీర్పు తప్పని నా వాదన. మొత్తం బాకీని ఐదేళ్లలో తీర్చగల మిగులు ఉన్న కుటుంబానికి వాయిదాల ప్రణాళిక మంచిదే. ఆ మిగులు లేని కుటుంబం ఒప్పందాల మీద సంతకాలు పెట్టడం వల్ల బాగుపడేది అప్పులవాళ్లే తప్ప ఆ కుటుంబం కాదు.

లెక్క వేసి చూద్దాం. నెలకు 45,000 రూపాయల జీతం, అందులో ఇంటి ఖర్చు 25,000 పోగా 20,000 మిగిలే ఉద్యోగిని ఊహించుకోండి. అతనికి క్రెడిట్ కార్డుల మీద 6 లక్షలు, ప్రోనోట్ల మీద మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన 5 లక్షలు ఉన్నాయనుకుందాం. కార్డు బాకీ మీద నెలకు మూడున్నర శాతం చొప్పున వడ్డీ 21,000, దాని మీద 18 శాతం జీఎస్టీ మరో 3,780; అంటే ఉన్న మిగులంతా తీసుకెళ్లి కట్టినా కార్డు వడ్డీకే చాలదు. బ్యాంకు దయతలచి ఆ 6 లక్షలను 18 శాతం వడ్డీతో ఐదేళ్ల వాయిదాలుగా మార్చిందనే అనుకుందాం. అప్పుడు నెలకు సుమారు 15,236 రూపాయలు కట్టాలి. అంతవరకు బాగానే ఉంది. కానీ ప్రోనోట్ల వడ్డీ నెలకు 15,000 ఎక్కడికీ పోలేదు. రెండూ కలిపితే 30,000 దాటుతుంది, చేతిలో ఉన్నది 20,000.

వాయిదాల ప్రణాళికలోని అసలు లోపం ఇక్కడే ఉంది. మన దేశంలో మామూలు మనిషి కోర్టు బయట చేసుకునే రుణ ఒప్పందం దాని మీద సంతకం చేసినవారినే కట్టిపడేస్తుంది. నలుగురు అప్పులవాళ్లలో ముగ్గురు వడ్డీ తగ్గించుకుంటే, ఆ తగ్గింపు మిగిలిన నాలుగోవాడి జేబులోకి పోతుంది. అందుకే ఎవరికి వారు ఆ నాలుగోవాడిగా ఉండాలని చూస్తారు, ఎవరు గట్టిగా గొడవ చేస్తే వారికి ముందు డబ్బు ముడుతుంది. ఊళ్లో పెద్దమనుషుల పంచాయితీలో జరిగేదీ ఇదే. దావా వేయడానికి ఉన్న మూడేళ్ల గడువు దగ్గరపడుతున్న ప్రోనోటును తిరగరాయించి, పేరుకున్న వడ్డీని అసలులో కలిపి, దానికి మళ్లీ వడ్డీ మొదలుపెట్టే ఏర్పాటుకు మనం ‘సర్దుబాటు’ అని పేరు పెట్టుకున్నాం. వెయ్యో రెండువేలో ఇచ్చి నోటు వెనుక చెల్లు వేయించి సంతకం పెట్టినా, కాలపరిమితి ఆ రోజు నుంచి కొత్తగా మొదలవుతుంది. ఈ సంగతి అప్పిచ్చినవారికి బాగా తెలుసు. సంతకం పెట్టేవారికే తెలియదు.

దివాలా చట్టం చేసే పని సరిగ్గా దీనికి వ్యతిరేకం. ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం, 1920 ప్రకారం వేసే పిటిషన్‌లో అప్పులిచ్చిన ప్రతి ఒక్కరి పేరు, చిరునామా, వారికి ఎంత ఇవ్వాలో రాయాలి. ఉన్న ఆస్తి అంతా చూపాలి. దివాలాదారుగా కోర్టు ప్రకటించాక ఆస్తి కోర్టు నియమించే రిసీవర్ చేతికి వెళుతుంది, కోర్టు అనుమతి లేకుండా ఎవరూ విడిగా దావా వేయడానికి వీలుండదు, వచ్చిన సొమ్ము దామాషా ప్రకారం పంపకమవుతుంది. రాత్రి పదింటికి గుమ్మం ముందు కేకలు వేసినవాడికీ, మొహమాటానికి అడగలేక ఊరుకున్న పక్కింటి పెద్దాయనకూ రూపాయికి ఇన్ని పైసలని ఒకే లెక్క. ఈ న్యాయం ఏ వాయిదాల ఒప్పందంలోనూ దొరకదు. పైగా ఒప్పందమే కావాలనుకునేవారికి అదే చట్టం 38వ సెక్షన్‌లో దారి చూపింది: హాజరైన రుణదాతల్లో సంఖ్యలో సగానికి పైగా, బాకీ విలువలో నాలుగింట మూడు వంతుల మేరకు ఒప్పుకుని, కోర్టు ఆమోదిస్తే, ఆ ఏర్పాటుకు మిగిలినవారూ కట్టుబడాల్సిందే.

ఆస్తి లేని జీతగాడి భయం మరీ విచిత్రమైనది. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ ప్రకారం అప్పు డిక్రీ, అంటే బాకీ కట్టమని కోర్టు ఇచ్చే తీర్పు, కింద జీతంలో మొదటి 1,000 రూపాయలు, మిగిలిన దానిలో మూడింట రెండు వంతులు జప్తుకు దొరకవు. పై ఉదాహరణలోని ఉద్యోగి జీతంలో చట్టం బలవంతంగా తీసుకోగలిగేది నెలకు 14,700 రూపాయలకు లోపే. అదీ ఒక డిక్రీ కింద మొత్తం 24 నెలలు జప్తు జరిగాక, ఆ డిక్రీకి మళ్లీ ఆ జీతాన్ని ముట్టుకోవడానికి వీల్లేదు. కోర్టు కూడా అడగని 20,000 రూపాయలను ఆ మనిషి పరువు కోసం ప్రతి నెలా తానై తెచ్చి ఇస్తున్నాడు. ప్రావిడెంట్ ఫండ్‌ను కోర్టు జప్తు నుంచి చట్టం కాపాడుతుంటే, అప్పులవాళ్ల ఒత్తిడికి దాన్ని కూడా తీసి వాయిదాలకు కట్టేవారున్నారు.

ఐపీని అడ్డం పెట్టుకుని జనాన్ని ముంచినవారు లేరని ఎవరూ అనలేరు. చిట్టీలు నడిపి, ఇల్లు భార్య పేరున రాసి, ఆ తర్వాత కోర్టుకెక్కినవారి వల్ల రిటైరైన ఉద్యోగులూ చిన్న వ్యాపారులూ నష్టపోయిన మాట నిజం. అయితే దివాలా పిటిషన్‌కు ముందు రెండేళ్లలో ప్రతిఫలం లేకుండా చేసిన బదిలీలను 53వ సెక్షన్ కింద, పిటిషన్‌కు ముందు మూడు నెలల్లో ఒక రుణదాతకు పక్షపాతంతో చేసిన చెల్లింపులను 54వ సెక్షన్ కింద రద్దు చేయించవచ్చు. ఆస్తి దాచినవారికి 69వ సెక్షన్ కింద జైలుశిక్ష ఉంది. వాటిని వాడుకోకపోవడం వ్యవస్థ బద్ధకం. దానికి నిజాయతీగల బాకీదారు ఎందుకు మూల్యం చెల్లించాలి?

ఐపీ సర్వరోగ నివారిణి కాదన్నది కూడా తెలుసుకునే అడుగు వేయాలి. ఇల్లు తాకట్టు పెట్టుకున్న బ్యాంకు తన హామీ ఆస్తిని అమ్ముకోగలదు. చెక్కు బౌన్స్ కేసు దీనితో ఆగిపోదు. ప్రభుత్వానికి కట్టాల్సిన బాకీ పోదు. అన్నిటికన్నా బాధాకరం, షూరిటీ సంతకం చేసిన స్నేహితుడికి విముక్తి లేదు. కోర్టు ప్రకటన వచ్చేదాకా పిటిషన్ వేసినంత మాత్రాన రక్షణ రాదు, ఆ ప్రకటనకు చాలాకాలం పట్టవచ్చు.

ఇంత పాత చట్టంతో ఎందుకు నెట్టుకొస్తున్నామన్నది అసలు ప్రశ్న. బాకీల నుంచి పూర్తి విముక్తి అడిగే దివాలాదారు ఆస్తి అతని బాకీల్లో ‘రూపాయికి ఎనిమిది అణాల’కైనా సరిపోవాలని, లేదంటే అది తన తప్పు కాదని అతడు నిరూపించుకోవాలని ఈ చట్టం నేటికీ చెబుతోంది. అణాలు పోయి ఆరు దశాబ్దాలు దాటింది. 2016లో పార్లమెంటు ఆమోదించిన దివాలా స్మృతి మూడో భాగంలో వ్యక్తులకు తిరిగి చెల్లించే ప్రణాళిక, దివాలా, పెద్దగా ఆస్తి లేని పేదలకు ‘కొత్త ఆరంభం’ అనే మూడు ఏర్పాట్లున్నాయి. దివాలాదారుకు సాధారణంగా ఏడాదిలో విముక్తి ఉంది. కంపెనీల అప్పులకు వ్యక్తిగత హామీ ఇచ్చినవారికి 2019 డిసెంబర్ 1 నుంచి ఆ భాగాన్ని అమల్లోకి తెచ్చారు. బ్యాంకులకు అవసరమైన మేరకు తలుపు తెరిచి, ఆటో డ్రైవరుకూ కిరాణా వ్యాపారికీ మూసి ఉంచారన్నమాట. కొత్త ఆరంభానికి పెట్టిన హద్దులు, ఏడాదికి 60,000 రూపాయల ఆదాయం, 35,000 రూపాయల బాకీ, అమలు కాకముందే పాతబడిపోయాయి.

ప్రభుత్వాలకు ఈ చట్టం మీద ఆసక్తి లేకపోవడానికి కారణం ఊహించడం కష్టం కాదు. ఎన్నికల ముందు ప్రకటించే రుణమాఫీకి ఓట్లు వస్తాయి, దివాలా కోర్టుకు రావు. 2019 జాతీయ నమూనా సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 93.2 శాతం, తెలంగాణలో 91.7 శాతం వ్యవసాయ కుటుంబాలు అప్పుల్లో ఉన్నాయి. దేశ సగటు 50.2 శాతం. 2014లో రెండు రాష్ట్రాలూ మాఫీలు ప్రకటించిన తర్వాత లెక్క ఇది. మాఫీ బ్యాంకు ఖాతాలోని పంట రుణాన్ని చూస్తుంది. పాస్‌బుక్ లేని కౌలు రైతు ఎరువుల దుకాణంలో, వడ్డీ వ్యాపారి దగ్గర పెట్టిన బాకీని చూడదు. దివాలా చట్టం ఆ బాకీలన్నిటినీ చూస్తుంది, ఏ నాయకుడి ఫొటో అక్కర లేకుండా చూస్తుంది. మాఫీని దయగా పంచడం ఇష్టమున్నవారికి విముక్తిని హక్కుగా ఇవ్వడం ఇష్టముండదు.

మూడో భాగాన్ని అందరికీ అమలు చేయడానికి కొత్త చట్టం అక్కర లేదు, కేంద్రం ఒక నోటిఫికేషన్ ఇస్తే చాలు; ఆదాయ, బాకీ హద్దులను పెంచడానికి మాత్రం చట్ట సవరణ కావాలి. అంతవరకు 1920 నాటి చట్టమే దిక్కు కాబట్టి, దాన్నే వాడుకోవాలి. లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం, 1987 ప్రకారం మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం పొందే అర్హత ఉంది. అప్పులు భర్తవైనా నోట్ల మీద సంతకాలు తమవైన గృహిణులు, మరో నోటు తిరగరాసే ముందు జిల్లా న్యాయసేవాధికార సంస్థ కార్యాలయానికి వెళ్లి ఐపీకి న్యాయవాదిని అడగవచ్చు.